రానియెరి కెరీర్‌లో లెస్టర్‌ని పక్కన పెడితే ఏం మిగులుతుంది?

ఫోరమ్‌లో ‘తూర్పు స్టాండ్’ అడిగిన ప్రశ్న (కింద ప్రతి జవాబు పైన ఉన్నది రాసినవారి పేరు)

ఇటలీ ఫుట్‌బాల్ కోచ్ క్లాడియో రానియెరి పేరెత్తితే మాట నేరుగా 2016లో ఆయన ఇంగ్లండ్ లీగ్ గెలిపించిన లెస్టర్‌కి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. లెస్టర్ గెలుపు మీద ఐదువేలకి ఒకటి పందెం, స్ట్రైకర్ వార్డీ, పిజ్జా, ఇవన్నీ విన్నవే. నాకు మిగతాది కావాలి. 1986లో మొదలుపెట్టి 2025 దాకా లెక్కేస్తే 18 క్లబ్బులు, మధ్యలో గ్రీస్ జాతీయ జట్టు. కాల్యారీలో, వాలెన్సియాలో రెండేసి సార్లు, రోమాలో మూడుసార్లు. వెరసి 23 ఉద్యోగాలు. ఇంతమంది పిలిచారంటే ఆ మనిషి దగ్గర ఏదో పనితనం ఉండాలి. ఇంతమంది పంపించేశారంటే అందులో ఏదో లోటు కూడా ఉండాలి.

కొత్త క్లబ్‌లో అడుగుపెట్టగానే ఆయన మొదట సరిచేసేది ఏమిటి? చాలాచోట్ల రెండో ఏడాదికి ఎందుకు చెడింది? జట్టుని ఊరికే కెలుకుతూ ఉంటాడని ఇంగ్లండ్ పత్రికలు పెట్టిన టింకర్‌మ్యాన్ పేరు న్యాయమైనదేనా? ట్రోఫీల పట్టిక వద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది. పని ఎలా చేశాడో తెలిసినవాళ్ళు చెప్పండి. ఏ మ్యాచ్‌లు చూస్తే అర్థమవుతుందో కూడా.

కాల్చియో కబుర్లు

ముందు ఆయన ఎలాంటి ఆటగాడో చూడండి. దాన్ని చాలామంది దాటేస్తారు. 1951లో రోమ్‌లో పుట్టాడు, నాన్నది టెస్టాచో పేటలో మాంసం కొట్టు. రోమా క్లబ్‌లోనే పెరిగినా లీగ్‌లో వాళ్ళకి ఆడింది ఆరు మ్యాచ్‌లే. 1974లో కతన్‌జారో వెళ్ళి ఎనిమిదేళ్ళు డిఫెండర్‌గా అక్కడే ఉన్నాడు. తర్వాత కతానియా, పలెర్మో. మూడూ దక్షిణాది క్లబ్బులు. చేతిలో డబ్బుండదు, ఎక్కడం దిగడం మామూలు. ఆటగాడిగా నాలుగు ప్రమోషన్లు (పై డివిజన్‌కి ఎక్కడం) చూశాడు: కతన్‌జారోతో 1976లో, 1978లో, కతానియాతో 1983లో, పలెర్మోతో 1985లో. పెద్ద కప్పు ఒక్కటీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క పాయింట్ కోసం గోల్ ముందు గోడ కట్టి నిలబడ్డ డిఫెండర్ కోచ్ అయితే ఎలా ఆలోచిస్తాడో, ఆయన చివరిదాకా అలాగే ఆలోచించాడు.

విగోర్ లమేజియా, పుతెయొలానా అనే రెండు చిన్న క్లబ్బుల తర్వాత 1988లో కాల్యారీ పిలిచింది. అప్పటికి వాళ్ళు మూడో డివిజన్‌లో ఉన్నారు. 1989లో సెరియె బి (రెండో డివిజన్), 1990లో సెరియె ఎ (మొదటి డివిజన్), ఆగకుండా రెండు మెట్లు. పైకొచ్చిన ఏడాది ఉరుగ్వే ఆటగాళ్ళు ఫ్రాంచెస్కోలి, ఫొన్సేకా, హెర్రెరా చేరారు. కింద పడలేదు. నన్నడిగితే లెస్టర్ తర్వాత ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే.

అక్కణ్ణించి నాపోలి. మారడోనా వెళ్ళిపోయిన మరుసటి సీజన్, జోలా ఆ ఖాళీలోకి వస్తున్న రోజులు. జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. తర్వాతి ఏడాది నవంబర్‌లో సొంత మైదానంలో మిలాన్ చేతిలో 5-1, అందులో వాన్ బాస్టెన్‌వే నాలుగు. ఉద్యోగం పోయింది. మీరన్న రెండో ఏడాది జబ్బు అప్పటికే ఉంది చూడండి.

ఫియొరెంతీనా (1993-97) దీనికి మినహాయింపు. సెరియె బిలోకి జారిన క్లబ్‌ని మొదటి ఏడాదే పైకి తెచ్చాడు, నాలుగేళ్ళు నిలిచాడు. తోల్డో గోల్‌లో, రుయి కోస్టా మధ్యలో, ముందు బాటిస్టుటా. 1996లో కోపా ఇటాలియా (ఇటలీ కప్) ఫైనల్ రెండు అంచెల్లో కలిపి అటలాంటాపై 3-0. అదే ఏడాది సూపర్ కప్‌లో మిలాన్ మైదానం సాన్ సిరోకి వెళ్ళి వాళ్ళని 2-1తో ఓడించారు, రెండు గోల్సూ బాటిస్టుటావే. 1997లో కప్ విన్నర్స్ కప్ సెమీస్‌లో బార్సిలోనా మైదానంలో 1-1 తెచ్చుకుని, సొంతూళ్ళో 2-0తో పోగొట్టుకున్నారు.

ఇక మొదట సరిచేసేది ఏమిటన్నారు. డిఫెన్స్ లైన్ ఎత్తు, అంటే డిఫెండర్లు సొంత గోల్‌కి ఎంత ముందు నిలబడతారన్నది. ఎక్కడికెళ్ళినా అంతే. సెంటర్ బ్యాక్‌లని (నడిమి డిఫెండర్లు) పదీ పదిహేను గజాలు వెనక్కి లాగుతాడు, ఫుల్‌బ్యాక్‌లు (పక్కల డిఫెండర్లు) ఇద్దరూ ఒకేసారి ముందుకెళ్ళకుండా కట్టడి చేస్తాడు. ఎక్కువసార్లు 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు), డిఫెన్స్‌కీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య దూరం వీలైనంత తక్కువ. బంతి ఎదుటివాళ్ళ దగ్గరున్నా కంగారుండదు. బంతి చిక్కగానే రెండు మూడు పాసుల్లో ముందుకి. అందుకే పరిగెత్తే ఫార్వర్డ్ ఉన్నచోట బతికిపోయాడు. వాలెన్సియాలో క్లాడియో లోపెజ్, లెస్టర్‌లో వార్డీ, ఇద్దరిదీ ఒకే పాత్ర. 1999 కోపా దెల్ రే (స్పెయిన్ కప్) సెమీస్‌లో ఆ వాలెన్సియా రియల్ మాడ్రిడ్‌ని ఇంటి దగ్గర 6-0తో కొట్టింది. ఫైనల్‌లో అట్లెటికో మీద 3-0, లోపెజ్ రెండు, మెండియెటా ఒకటి. మెండియెటా గోల్ చూడనివాళ్ళు ఈ చర్చ మూసేసి ముందు అది చూసి రండి.

తమాషా ఏమిటంటే ఆ తర్వాత రెండేళ్ళు వరుసగా (2000, 2001) వాలెన్సియా చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ) ఫైనల్ ఆడింది. కోచ్ మాత్రం కూపెర్. చెల్సీలోనూ అంతే. 2003-04లో 79 పాయింట్లతో రెండో స్థానం. మరుసటి ఏడాది టెర్రీ, లాంపార్డ్, గలాస్, మకెలెలే, డఫ్, జో కోల్‌లతోనే మొరీన్యో 95 పాయింట్లు చేశాడు. చెక్, రాబెన్ అనే ఆటగాళ్ళ బేరాలు కూడా రానియెరి ఉండగానే కుదిరినవి. పునాది తీసి గోడలు లేపేది ఈయన, గృహప్రవేశం ఇంకొకరిది. నా ఉద్దేశంలో ఆయన కెరీర్ మొత్తానికి తాళంచెవి ఇదే. చెడిపోయిన జట్టుని నిలబెట్టడంలో ఆయన మొనగాడు. నిలబడ్డ జట్టుని ఇంకో మెట్టు ఎక్కించడం ఆయన పని కాదు.

నాలుగు నాలుగు రెండు

లెస్టర్ వద్దన్నారు గానీ అది లేకుండా పద్ధతి అర్థం కాదు. పిజ్జా సంగతి వదిలేద్దాం, లెక్కలు చూద్దాం.

ముందు కోచ్ పియర్సన్ చివరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి జట్టుని రెలిగేషన్ (కింది డివిజన్‌కి పడటం) నుంచి తప్పించాడు. అంటే 2015 జులైలో రానియెరి వచ్చేసరికి జట్టు మంచి ఊపు మీదే ఉంది. ఆయన తెలివల్లా దాన్ని చెడగొట్టకపోవడం. పాత సహాయకులు క్రెయిగ్ షేక్‌స్పియర్, స్టీవ్ వాల్ష్‌లని ఉండనిచ్చాడు. తనతో తెచ్చుకున్నది ఒకరిద్దరినే. ముగ్గురు సెంటర్ బ్యాక్‌ల పద్ధతి తీసేసి 4-4-2 పెట్టాడు.

మొదటి తొమ్మిది లీగ్ మ్యాచ్‌ల్లో లెస్టర్ 17 గోల్స్ తిన్నది. ఒక్క క్లీన్ షీట్ (గోల్ తినని మ్యాచ్) లేదు. సెప్టెంబర్ 26న ఆర్సెనల్ ఇంటికొచ్చి 5-2తో కొట్టి వెళ్ళింది. అసలు మార్పు ఆ మ్యాచ్ తర్వాత జరిగింది. ఫుల్‌బ్యాక్‌లు డి లాయెట్, ష్లప్ ఇద్దరూ ముందుకి ఉరికే రకం. వాళ్ళని తప్పించి నార్విచ్ మ్యాచ్ నుంచి సింప్సన్, ఫుక్స్‌లని పెట్టాడు. వీళ్ళు మొదట డిఫెండర్లు, తర్వాతే ఏదైనా. హూత్, మోర్గాన్ ఇద్దరూ పెనాల్టీ ఏరియాలో కొండల్లాంటివాళ్ళే గానీ వెనక్కి తిరిగి పరిగెత్తాల్సి వస్తే కష్టం. పక్కల నుంచి రక్షణ ఉండాలి, వెనక ఖాళీ ఉండకూడదు. ఫుల్‌బ్యాక్‌లు లోపలికి జరిగి నిలబడేసరికి నలుగురూ ఇరుగ్గా కట్టుకున్నారు. ఎదుటి జట్టు పక్కల నుంచి క్రాసులు వేసుకోవాల్సిందే, వాటిని తలతో కొట్టి పారేయడం హూత్, మోర్గాన్‌ల నిత్యకృత్యం. అక్టోబర్ 24న క్రిస్టల్ ప్యాలెస్ మీద మొదటి క్లీన్ షీట్. అప్పణ్ణించి చివరిదాకా 29 మ్యాచ్‌ల్లో తిన్నవి 19 గోల్స్, క్లీన్ షీట్లు 15. మార్చి, ఏప్రిల్‌లలో వాట్‌ఫర్డ్, న్యూకాజిల్, ప్యాలెస్, సౌతాంప్టన్ మీద వరుసగా నాలుగు 1-0లు. టైటిల్ వచ్చింది ఇక్కడ. వార్డీ వరుసగా 11 మ్యాచ్‌ల్లో గోల్స్ కొట్టింది ఆగస్టు నుంచి నవంబర్ దాకా. ఆ రోజుల్లో పాయింట్లు వస్తున్నా ప్రతి మ్యాచ్ గండమే.

ముందు వైపు పంపకం ఇలా: కాంటే బంతి లాక్కుంటాడు (ఆ సీజన్‌లో 175 ట్యాకిల్స్, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ). డ్రింక్‌వాటర్ మొదటి చూపులోనే వార్డీ పరిగెత్తే ఖాళీలోకి పొడుగు పాస్ వేస్తాడు. కుడివైపు మహ్రెజ్ ఎడమ కాలి మీదకి లోపలికి కోసుకొస్తాడు, ఎడమవైపు ఆల్బ్రైటన్ గీత పక్కనుంచి క్రాస్ వేస్తాడు. వార్డీ వెనకాల ఒకజాకి ఎదుటి మిడ్‌ఫీల్డర్‌ని ఊపిరి తీసుకోనివ్వడు. ఆ పరుగు 90 నిమిషాలు సాగేది కాదు కాబట్టి అరవై, డెబ్బై నిమిషాల మధ్య అతన్ని తీసి ఉల్లోవానో మరొకరినో దింపడం అలవాటు. బయటినుంచి చూస్తే ఇది కూడా టింకరింగే. కాకపోతే ముందే అనుకున్నది.

వారం ఎలా నడిచేదో ఆయనే ఇటలీ పత్రికకి చెప్పాడు. శనివారం మ్యాచ్, ఆదివారం సెలవు. సోమవారం తేలిక. మంగళవారం గట్టి సాధన, బుధవారం పూర్తి విశ్రాంతి, గురువారం మళ్ళీ గట్టిగా, శుక్రవారం మ్యాచ్ సన్నాహం. పరుగు మీద బతికే జట్టుకి ఈ రెండు సెలవులే ప్రాణం. యూరప్ మ్యాచ్‌లు లేవు, రెండు కప్పుల నుంచీ త్వరగా బయటపడ్డారు. లీగ్, కప్పులు అన్నీ కలిపి సీజన్ మొత్తానికి 43 మ్యాచ్‌లే. లీగ్‌లో అందరికన్నా తక్కువ మార్పులు చేసిన జట్టు ఇదే. మోర్గాన్, ష్మైకెల్ 38కి 38 ఆడారు. చివరికి 81 పాయింట్లు, మూడే ఓటములు.

రెండో ఏడాది ఎందుకు చెడిందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. కాంటే చెల్సీకి వెళ్ళాడు. సెంటర్ బ్యాక్‌ల ముందున్న కాపలా పోయింది. చాంపియన్స్ లీగ్ వచ్చింది, బుధవారం సెలవు ఎగిరిపోయింది. ఎదుటి జట్లు వార్డీకి వెనక ఖాళీ ఇవ్వడం మానేసి తామే లోతుగా కూర్చున్నాయి. అలాంటప్పుడు కావలసింది బంతి పెట్టుకుని దారి వెతికే జట్టు, ఇది ఆ జట్టు కాదు. పెద్ద మొత్తం పెట్టి తెచ్చిన స్లిమాని, ముసా ఆ లోటు తీర్చేవాళ్ళు కాదు. ఫార్మేషన్లు మార్చి చూశాడు, కుదరలేదు. 2017 ఫిబ్రవరి 23న తీసేసేనాటికి 25 మ్యాచ్‌ల్లో 21 పాయింట్లు, 17వ స్థానం. ఆ ఏడాది జనవరి నుంచి లీగ్‌లో ఒక్క గోల్ కూడా లేదు. తర్వాత పగ్గాలు పట్టిన షేక్‌స్పియర్ చేసిందల్లా పాత పద్ధతికి వెళ్ళడమే. వెంటనే లివర్‌పూల్ మీద 3-1.

ఆఫ్‌సైడ్ ఉచ్చు

టింకర్‌మ్యాన్ ప్రశ్నకి నేను చెప్తా. పై ఇద్దరూ ఆయన మీద కొంచెం మెత్తగా ఉన్నారు.

ఆ పేరుకి సగం కారణం చెల్సీలోని పరిస్థితి. 2002 వేసవిలో క్లబ్ దగ్గర డబ్బు లేదు, కొత్తగా వచ్చింది ఎన్రికె దె లూకాస్ ఒక్కడే, అదీ ఉచితంగా. అయినా 2003 మే 11న చివరి మ్యాచ్‌లో లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి నాలుగో స్థానం, చాంపియన్స్ లీగ్ తెచ్చాడు. రెండు నెలలు తిరక్కుండానే అబ్రమోవిచ్ క్లబ్‌ని కొన్నాడు. అప్పుడు ఒకే వేసవిలో వెరోన్, క్రెస్పో, ముటు, మకెలెలే, డఫ్, జో కోల్, బ్రిడ్జ్, గ్లెన్ జాన్సన్, జెరెమి వచ్చిపడ్డారు. అంతమంది ఉన్నప్పుడు ఎవరైనా మారుస్తారు.

మిగతా సగం మాత్రం ఆయన సంపాదించుకున్నదే. 2004 ఏప్రిల్ 20, చాంపియన్స్ లీగ్ సెమీస్, మొనాకోలో మొదటి అంచె. స్కోరు 1-1. అవతలి మైదానంలో గోల్ చేతిలో ఉంది (అప్పట్లో స్కోర్లు సమమైతే దానికి విలువ ఎక్కువ). 53వ నిమిషంలో మొనాకో ఆటగాడు జికోస్‌కి రెడ్ కార్డ్. అలాగే ముగించుకుని లండన్ వచ్చినా చాలు, పైగా ఎదుట పది మందే. ఈయనేమో గెలుపు ఇప్పుడే కావాలనుకున్నాడు. అప్పటికే విరామంలో గ్రోన్‌కయర్ బదులు వెరోన్‌ని దింపి ఉన్నాడు. 62వ నిమిషంలో రైట్ బ్యాక్ మెల్కియోట్‌ని తీసి స్ట్రైకర్ హాసెల్‌బైంక్. 69లో పార్కర్‌ని తీసి సెంటర్ బ్యాక్ హూత్. అరగంట తిరక్కుండా మూడు సబ్‌లూ (ఆట మధ్యలో చేసే మార్పులు) అయిపోయాయి, ఎవరెక్కడ ఉండాలో ఎవరికీ తెలియని స్థితి. 78లో మొరియెంటెస్, 83లో నొండా. 3-1. రెండో అంచె 2-2, ఇంటికి. ఇందులో దురదృష్టం లేదు. పెట్టిన జట్టు నిలకడని తనే విప్పేశాడు.

అదే మనిషి, అదే తెగింపు, ఆరేళ్ళ తర్వాత: 2010 ఏప్రిల్ 18, రోమ్ డెర్బీ (ఒకే ఊరి జట్లు రోమా, లాట్సియోల మ్యాచ్). రోమా టైటిల్ పోరులో ఉంది, విరామానికి లాట్సియో 1-0. టోటి, డె రోసి ఇద్దరినీ విరామంలో తీసేశాడు. ఆ ఊళ్ళో వాళ్ళిద్దరినీ డెర్బీ మధ్యలో బెంచ్ మీద కూర్చోబెట్టడమంటే ఓడితే ఊరు వదిలి వెళ్ళాల్సిందే. ఇద్దరూ రోమ్ బిడ్డలే. ఆవేశం ఎక్కువై ఆట తగ్గింది. టడేయి, మెనెజ్ వచ్చారు. వెంటనే లాట్సియోకి పెనాల్టీ, జూలియో సెర్జియో ఆపాడు. ఆ తర్వాత వుచినిచ్ రెండు గోల్స్, 2-1.

ఈ రెంటికీ తేడా ఫలితంలోనే లేదు. రోమ్‌లో ఆయన జట్టు ఆకారం మార్చలేదు, తల వేడెక్కినవాళ్ళ చోట చల్లగా ఉన్నవాళ్ళని పెట్టాడు. మొనాకోలో ఆకారమే మార్చేశాడు. ఆయన సబ్‌లని ఈ కొలత మీద చూడండి, చాలావాటికి సరిపోతుంది.

పాపం, ఆ రోమా కథ కూడా చేతికందింది నోటికందలేదు. వారం తిరిగేసరికి సంప్డోరియా రోమా మైదానం ఒలింపికోకి వచ్చి స్ట్రైకర్ పజ్జీని కొట్టిన రెండు గోల్స్‌తో 2-1తో గెలిచింది. చివరికి ఇంటర్ 82, రోమా 80. ముందు కోచ్ స్పలెట్టి మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడి సున్నా పాయింట్లతో అప్పగించి వెళ్ళిన జట్టు అది.

ఇంకొకటి. చెడిపోని జట్టు చేతికిస్తే ఈయనకి ఏం చేయాలో తోచదు. 2004లో వాలెన్సియా చూడండి. ముందు కోచ్ బెనీటెజ్ స్పెయిన్ లీగ్, యుఎఫా కప్ రెండూ గెలిచి వదిలి వెళ్ళాడు. రానియెరి వచ్చి దీ వాయో, కొరాడి, ఫియోరె, మొరెట్టి అని నలుగురు ఇటాలియన్లని తెచ్చాడు. పోర్టో మీద యుఎఫా సూపర్ కప్ గెలిచినా చాంపియన్స్ లీగ్ గ్రూప్ దాటలేదు, స్టెవా బుకరెస్ట్ చేతిలో యుఎఫా కప్ నుంచి పోయాక ఫిబ్రవరిలో ఉద్యోగమూ పోయింది. అక్కడ బాగుచేయడానికి ఏమీ లేదు కదా!

తూర్పు స్టాండ్

డిఫెన్స్ లైన్, బుధవారం సెలవు, ఈ రెండూ నాకు కొత్త. కానీ ఒక మెలిక. చెడిపోయిన జట్టయితే బాగుచేస్తాడన్నారు. ఫుల్హమ్ (2018), వాట్‌ఫర్డ్ (2021) కూడా చెడిపోయినవేగా? అక్కడ నాలుగు నెలలు కూడా నిలవలేదు. గ్రీస్ అయితే మరీ, ఫారో దీవుల చేతిలో ఇంట్లో 1-0.

కాల్చియో కబుర్లు

మంచి ప్రశ్న. చెడిపోయిన జట్టుకీ, ఇంకా తయారే కాని జట్టుకీ తేడా ఉంది. నేను చూసే గుర్తు ఒకటే: గత ఏడాది, ఏడాదిన్నరలో ఇదే ఆటగాళ్ళు ఇదే డివిజన్‌లో కలిసి బాగా ఆడారా? ఆడి ఉంటే రానియెరి దాన్ని బయటికి తీస్తాడు. లేకపోతే తీయడానికి ఏమీ ఉండదు.

ఫుల్హమ్ కొత్తగా ప్రమోషన్ మీద వచ్చింది. ముందు కోచ్ యొకానొవిచ్ వాళ్ళకి నేర్పింది పాసుల ఆట. పైకి రాగానే పది కోట్ల పౌండ్లకి మించి ఖర్చుపెట్టి ఆటగాళ్ళని కొన్నారు. 12 మ్యాచ్‌లకి 5 పాయింట్లతో అడుగున ఉండగా రానియెరి చేతికొచ్చింది. లైన్ వెనక్కి లాగాడు. అయితే ఆ లైన్‌లో నిలబడి తలతో కొట్టే జంట లేదు, వెనక నుంచి బంతి ముందుకి చేర్చడానికి డ్రింక్‌వాటర్ లాంటివాడు లేడు. ఫలితం, డిఫెన్స్ బాగుపడలేదు, ఉన్న పాసుల ఆట కూడా పోయింది. లీగ్‌లో 16 మ్యాచ్‌లు, మూడు గెలుపులు, 12 పాయింట్లు.

వాట్‌ఫర్డ్‌లో కౌంటర్ అటాక్ పనిచేసింది: ఎవర్టన్ మీద 5-2, మాంచెస్టర్ యునైటెడ్ మీద 4-1. ఆ 4-1 తర్వాతే యునైటెడ్ తన కోచ్ సోల్షార్‌ని తీసేసింది. అయితే అదే మ్యాచ్‌లో ఇస్మైలా సార్‌కి గాయమైంది, వేగం పోయింది. 13 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క క్లీన్ షీట్ లేదు, 7 పాయింట్లు. గ్రీస్ సంగతి వేరు. జాతీయ జట్టు కోచ్‌కి ఆటగాళ్ళు చేతిలో ఉండేది నాలుగైదు రోజులు. ఈయన పనంతా రోజువారీ మైదానంలో, ఒకే కదలికని వందసార్లు చేయించడంలో ఉంది. నాలుగు మ్యాచ్‌ల్లో ఒక డ్రా, మూడు ఓటములు, 2014 నవంబర్‌లో సెలవు.

ఇప్పుడు రెండోవైపు చూడండి. సంప్డోరియా 2019 అక్టోబర్‌లో 7 మ్యాచ్‌లకి 3 పాయింట్లతో అడుగున ఉంది. అంతకుముందు సీజన్‌లో అదే జట్టు తొమ్మిదో స్థానం. క్వాల్యరెల్లా, ఎక్‌దాల్ లాంటి పాతకాపులు అక్కడే ఉన్నారు. ఆ ఏడాది 15వ స్థానం, మరుసటి ఏడాది 52 పాయింట్లతో తొమ్మిది.

అన్నిటికన్నా శుభ్రమైన ఉదాహరణ 2024-25 రోమా. కోచ్‌లు డె రోసి (పైన చెప్పిన పాత ఆటగాడే), యూరిచ్ ఇద్దరినీ తీసేశాక, నవంబర్ 14న, 73 ఏళ్ళ వయసులో, అప్పటికే రిటైర్ అయినవాణ్ణి పిలిచారు. 12 మ్యాచ్‌లకి 13 పాయింట్లు. మొదట ఏమీ మారలేదు, నాపోలి, అటలాంటా, కోమో చేతిలో ఓడారు. చివరికి ముగ్గురు సెంటర్ బ్యాక్‌ల పద్ధతి మీద నిలబడ్డాడు. యూరిచ్ మూలన పెట్టిన హుమ్మెల్స్‌ని, పరెదెస్‌ని తిరిగి జట్టులోకి తెచ్చాడు. పరెదెస్ పక్కన పరిగెత్తడానికి కోనె అనే మిడ్‌ఫీల్డర్‌ని పెట్టాడు. డిసెంబర్ 22న పార్మా మీద 5-0తో మొదలై లీగ్‌లో వరుసగా 19 మ్యాచ్‌లు ఓటమి లేదు. మధ్యలో జనవరి డెర్బీ 2-0. చివరి 26 మ్యాచ్‌ల్లో 56 పాయింట్లు, మొత్తం 69, ఐదో స్థానం. ఒక్క పాయింట్‌తో చాంపియన్స్ లీగ్ తప్పింది. ఆ వేసవిలో ఇటలీ జాతీయ జట్టు ఉద్యోగం అడిగితే వద్దన్నాడు. గ్రీస్ అనుభవం గుర్తొచ్చిందో లేదో గానీ, నాకైతే సరైన నిర్ణయం అనిపించింది.

యువెంటస్ (2007-09) సంగతి కూడా కలుపుతాను, ఎవరూ ఎత్తలేదు. సెరియె బి నుంచి అప్పుడే తిరిగొచ్చిన జట్టు, మొదటి ఏడాదే మూడో స్థానం. మరుసటి ఏడాది చాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌ని ఇంటా బయటా ఓడించారు, మాడ్రిడ్ మైదానం బెర్నబ్యూలో డెల్ పియెరో రెండు గోల్స్. వసంతంలో గెలుపులు ఆగిపోయాయి, రెండు మ్యాచ్‌లు మిగిలుండగా తీసేశారు. మొనాకో కూడా అంతే: ఫ్రాన్స్ రెండో డివిజన్ చాంపియన్, పైకొచ్చిన ఏడాది 80 పాయింట్లతో పారిస్ వెనకాల రెండో స్థానం, అదీ స్ట్రైకర్ ఫల్కావ్ జనవరిలో మోకాలు దెబ్బతిని పోయాక. అయినా ఉంచలేదు. రెండో ఏడాది లోటు ప్రతిసారీ ఆయనదే కాదు. యజమానులకి పేరున్న కొత్త ముఖం కావలసి రావడం కూడా సగం ఉంటుంది.

చివరి పది నిమిషాలు

పైన అందరూ చెప్పేశారు, మ్యాచ్‌ల సంగతి మిగిలింది. అన్నీ చూడక్కర్లేదు.

లెస్టర్‌వి చూడాలంటే ముందు 2015 సెప్టెంబర్ 26 ఆర్సెనల్ మ్యాచ్, ఆ వెంటనే 2016 ఏప్రిల్ 3 సౌతాంప్టన్ మ్యాచ్. బంతి వెంట కళ్ళు పోనివ్వకండి, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు ఎక్కడ నిలబడ్డారో మాత్రమే చూడండి. పైన చెప్పిన మార్పు కళ్ళకి కడుతుంది. మొనాకో-చెల్సీ 2004కి 53వ నిమిషం నుంచి చూస్తే చాలు. 2010 డెర్బీకి రెండో సగం.

ఆయన సబ్‌ల తెలివి తెలియాలంటే మాత్రం రెండోసారి కాల్యారీ కాలానికి వెళ్ళండి. 2023 అక్టోబర్ 29, ఫ్రొజినోనె మీద. సీజన్‌లో అప్పటికి ఒక్క గెలుపు లేదు, 3-0తో వెనకబడ్డారు. 72లో ఒరిస్తానియో, 76లో మకుంబు, ఆ తర్వాత బెంచ్ నుంచి వచ్చిన పవొలెట్టి 94లో, 96లో. 4-3. ఆ సీజన్ చివరికి కాల్యారీ సెరియె ఎలోనే ఉండిపోయింది.

దానికి నాలుగు నెలల ముందు, జూన్ 11న బారిలో జరిగిన సెరియె బి ప్లేఆఫ్ ఫైనల్ రెండో అంచె. ఆయన జనవరిలో వచ్చేసరికి కాల్యారీ 14వ స్థానంలో ఉంది. మొదటి అంచె 1-1. లీగ్ పట్టికలో బారి పైన ఉంది కాబట్టి డ్రా అయినా వాళ్ళే పైకి వెళ్తారు. చివరి నిమిషాల్లో 34 ఏళ్ళ పవొలెట్టిని దింపాడు. పెనాల్టీ ఏరియాలో నిలబడటం తప్ప వేరే పని పెట్టలేదు. 94వ నిమిషంలో కుడివైపు నుంచి జప్పా బంతి వేశాడు, పవొలెట్టి కాలు పెట్టాడు. పూర్తి మ్యాచ్ దొరక్కపోతే 85 నుంచి చూసినా నష్టం లేదు, అంతకుముందు జరిగిందంతా కాచుకుని ఉండటమే.